దుప్పి కొమ్ము, మోచేతి లోతు నీళ్ళు

తడ, సూళ్ళూరుపేట వైపు మండలాలు తిరుపతి జిల్లాలో కలిసిన మరుసటి వేసవి, ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక సెక్షనుకు బదిలీ చేశారు. అటవీ శాఖలో కొన్ని బీట్లు, అంటే ఒక్కో గార్డు తిరిగే ప్రాంతాలు, కలిస్తే ఒక సెక్షను. దానికి డిప్యూటీ రేంజి ఆఫీసరు పెద్ద. ఆయన మీద రేంజరు, రేంజరు మీద డి.ఎఫ్.ఓ. నేను డిప్యూటీ రేంజరును. పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళుంది. అంతకుముందు నా సర్వీసంతా శేషాచలం కొండల్లోనూ కార్వేటినగరం అడవుల్లోనూ గడిచింది. రాళ్ళ మీద నడిచిన కాళ్ళు నావి. బురద ఎలా ఉంటుందో నాకు తెలియదు.

నా చేతికి వచ్చిన ప్రాంతంలో, సముద్రం సరస్సులోకి వచ్చే మొగకు దగ్గరగా నీళ్ళ నడుమ ఒక తిప్ప ఉంది. ఫైళ్ళలో దానికి పేరు లేదు, నంబరే ఉంది. తిప్ప చుట్టూ మడ చెట్లు. పోటు వచ్చినప్పుడు చెట్ల మొదళ్ళు నీళ్ళలో మునుగుతాయి, ఆటు వచ్చినప్పుడు బురద బయటపడుతుంది. ఆ బురదలోంచి మడ వేర్లు ఊపిరి కోసం మేకుల్లా పైకి పొడుచుకొని ఉంటాయి. తిప్ప నడిమి భాగం మాత్రం ఎత్తుగా, ఇసుక దిబ్బగా ఉంటుంది. ఆ మడలో పదకొండు చుక్కల దుప్పులు ఉండేవి. ఎప్పుడు ఎలా ఈదుకొచ్చాయో ఎవరికీ తెలియదు.

దుప్పి మడ ఆకు తిని బతకగలదు. కానీ ఆ ఆకులో ఉప్పు ఎక్కువ. తిన్న దుప్పికి మంచినీళ్ళు మామూలు కంటే ఎక్కువ కావాలి. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి పనికొచ్చేది చుక్క లేదు. మరి అవి ఎలా బతుకుతున్నాయన్నదే నేను చేరిన రోజు అడిగిన మొదటి ప్రశ్న. జవాబు చెంచమ్మ చూపించింది.

చెంచమ్మకు అరవై ఏళ్ళుంటాయి. భర్త మునెయ్య పడవ నడుపుతాడు, వల వేస్తాడు. మా శాఖకు పడవ అవసరమైనప్పుడు మునెయ్య పడవే దిక్కు. ఒడ్డున ఉన్న వాళ్ళ పల్లెలో వేసవిలో బోరు నీళ్ళు ఉప్పగా మారితే, ఆడవాళ్ళు పడవలో తిప్పకు వెళ్ళి ఇసుక దిబ్బలో చెలమ తీసి నీళ్ళు తెచ్చుకుంటారు. చెలమ అంటే ఇసుకలో చేత్తో తోడిన గుంత. మోచేతి లోతు తోడి, ఊరిన నీటిని టెంకాయ చిప్పతో బిందెలో పోసుకుంటారు. బకెట్టు ముంచరు. వెళ్ళేముందు చెలమకు ఒక పక్క ఇసుకను ఏటవాలుగా దిగదొక్కి, మూత పెట్టకుండా వదిలేస్తారు. సాయంత్రం దుప్పులు వచ్చి తాగుతాయి. తల్లుల తరం నుంచీ అది ఆనవాయితీ. ఎందుకని అడిగితే, వాటికి చిప్ప పట్టుకోను చేతుల్లేవు గదా సారూ అంది చెంచమ్మ.

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. కొండ అడవిలో వేసవి వస్తే మా మొదటి పని నీటిగుంతలు. వాగులో నీళ్ళు తగ్గితే గుంతను లోతు చేయిస్తాం. ఇంకా తగ్గితే ఇంకా లోతు. ఎంత లోతు తవ్విస్తే అంత పని చేసినట్టు. ఆ పనికి నాకు ఒకసారి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. ఆ పత్రం చూసుకొని మురిసిన మనిషికి మోచేతి లోతు చెలమ చూస్తే నవ్వొచ్చింది. పదకొండు దుప్పులకు ఈ చిప్పెడు నీళ్ళా అనుకున్నాను. చేరిన నాలుగో రోజునే నలుగురు కూలీలను గడ్డపారలతో తిప్పకు తీసుకెళ్ళాను.

చెంచమ్మ అడ్డం వచ్చింది.

“లోతు తవ్వబాక సారూ. పైన ఉండేది తీపి, కింద ఉండేది ఉప్పు. పైదాన్ని కదిలిస్తే ఇంక ఈడ ఏమీ మిగల్దు.”

నేను ఆమెతో వాదించలేదు. వాదించి ఉంటే కనీసం విన్నట్టయ్యేది. నవ్వి, పని కానీమని కూలీలకు చెప్పాను. మనిషి నిలువు లోతు గుంత తయారైంది. మొదటి రోజు అందులో నడుము లోతు నీళ్ళు ఊరాయి, తియ్యగా ఉన్నాయి. ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. పైనుంచి చప్పట్ల బొమ్మలు వచ్చాయి.

మూడో రోజు ఆ నీళ్ళు నోట్లో పోసుకొని ఉమ్మేశాను. తరువాత తెలుసుకున్నాను, ఇలాంటి తిప్పల్లో వాన నీరు ఇసుకలో ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద పాల మీద మీగడలాగా తేలుతుందట. మీగడ మెల్లగా తీసుకోవాలి. నేను గరిటె అడుగుదాకా దించి కలిపేశాను. చుట్టుపక్కల ఉన్న పాత చెలమలు కూడా రెండు రోజుల్లో ఉప్పగా మారాయి. అప్పుడు మొదలైంది భయం. వాన పడడానికి ఇంకా నెలలున్నాయి.

మరుసటి ఉదయం పడవ దిగి దిబ్బ ఎక్కేసరికి గుంతలో ఒక దుప్పి పిల్ల ఉంది. గోడలు నిటారుగా ఉండటంతో ఎక్కలేకపోయింది. అప్పటికి నీళ్ళు తగ్గి దాని పొట్ట వరకే ఉన్నాయి, మునగలేదు. కానీ ఒళ్ళంతా వణుకుతోంది, నోరు తెరుచుకొని ఉంది, గొంతులోంచి శబ్దం రావడంలేదు. మునెయ్య దిగి రెండు చేతులతో ఎత్తి పైన పెట్టాడు. నిమిషం కూడా పట్టలేదు. పిల్ల నిలబడింది, నాలుగడుగులు నడిచి మడలోకి వెళ్ళిపోయింది. నేను హమ్మయ్య అనుకున్నాను. ఆ మరుసటి రోజు అది మడ అంచున చచ్చి పడి ఉంది. ఒంటి మీద గీత కూడా లేదు.

శవపరీక్షకు తిరుపతి నుంచి పశువైద్యుడు వచ్చాడు. అడవి జంతువులతో చాలా ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆయన చెప్పిన విషయం నాకు పుస్తకంలో చదివినట్టు తెలుసు, కంటితో చూడటం అదే మొదలు. దుప్పి పట్టుబడినప్పుడు పుట్టే భయమే దాని కండరాలను లోపల కరిగించేస్తుంది. గుండె కూడా కండరమే. వదిలేసిన తరువాత గంటకు చావొచ్చు, రెండు వారాలకు చావొచ్చు. మందు లేదు. ముట్టుకోకుండా ఉండటమొక్కటే మందు. ఆ రోజు నుంచి మడలో ఎక్కడ ఆకు కదిలినా అటే చూసేవాణ్ణి. మిగిలిన పది దుప్పుల్లో ఏది చచ్చినా అది నా గడ్డపార దెబ్బేనని నాకు తెలుసు.

పడవలో డ్రమ్ములతో నీళ్ళు తెప్పించి, నల్ల ప్లాస్టిక్ తొట్లలో పోయించాను. రెండు రోజులు ఒక్క దుప్పీ దగ్గరకు రాలేదు. వాటికి ఆ తొట్లంటే భయం. తొట్ల చుట్టూ దూరంగా తిరిగిన గిట్టల గుర్తులు మాత్రం పొద్దున్నే కనిపించేవి. దాహంతో చస్తూ కూడా అవి ధైర్యం చేయలేకపోయాయి.

మూడో రోజు ఉదయం పది గంటలకు మళ్ళీ డ్రమ్ములతో వెళ్తున్నాం. పడవలో మునెయ్య, చెంచమ్మ, నేను. ఆటు పూర్తిగా దిగి ఉంది. తిప్పకూ పల్లెకూ మధ్య బురద మేట బయటపడి ఉంది. దాని అంచున కర్రలకు కట్టిన నైలాన్ వల ఒకటుంది. ఆ వలలో ఏదో కొట్టుకుంటోంది. దగ్గరకు వెళ్ళేదాకా అది దుప్పి అని నాకు అర్థం కాలేదు, అంతగా బురద పూసుకొని ఉంది. మందలోని పెద్ద మగది. నీళ్ళ కోసం పల్లె వైపు దాటబోయి వలలో పడింది.

వల మునెయ్యదే. 

కుడి కొమ్ముకు వల ఎన్ని చుట్లు చుట్టుకుందో లెక్క లేదు. ఒక పాయ దవడ కింద నుంచి పోయి బిగుసుకుంది. దుప్పి ముందుకాళ్ళు మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాయి, తల నేలకు వంగిపోయింది. ఎత్తుదామని తల విదిలించినప్పుడల్లా ఉచ్చు ఇంకాస్త బిగుస్తోంది. పోటు తిరిగేందుకు గంట కూడా లేదని మునెయ్య అన్నాడు. పోటు తిరిగితే మొదట మునిగేది దాని ముక్కే.

డాక్టరుకు ఫోను చేశాను. ఆయన వచ్చేసరికి రెండున్నర గంటలైనా పడుతుంది. మత్తు సూది మాట ఎత్తితే వద్దన్నాడు, అలసిపోయిన జంతువు నీళ్ళలో మత్తుకు పడితే లేవదు. అరవకండి, గుంపు చేరనివ్వకండి, కళ్ళు కప్పండి, వీలైనంత త్వరగా వదిలించండి అన్నాడు. వల విప్పే వీలు లేకపోతే కొమ్ము కోసేయమన్నాడు. అయితే కొమ్ము ముదిరిందో లేదో ముందు చూసుకోమన్నాడు.

ఆ చివరి మాట గురించి రెండు ముక్కలు చెప్పాలి. మాది చిత్తూరు టౌను. మా అబ్బాజాన్, అంటే నాన్న, ఎనుము కొమ్ముతో దువ్వెనలు చేసేవారు. ఎనుము, అంటే గేదె, దాని కొమ్ము చర్మం లోంచి పుట్టిన గొట్టం, ఒకసారి వస్తే చచ్చేదాకా ఉంటుంది. దుప్పి కొమ్ము అలాంటిది కాదు, అది ఎముక. ఏడాదికొకసారి రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది. మొలిచేటప్పుడు దాని మీద మెత్తటి నూగు తోలు ఉంటుంది, లోపల నెత్తురు పారుతుంది. అప్పుడు కోస్తే వేలు కోసినట్టే. ముదిరాక నూగు ఊడి వట్టి ఎముక మిగులుతుంది, అప్పుడు కోస్తే గోరు కత్తిరించినట్టు. ఏప్రిల్లో మగవాటి కొమ్ములు చాలావరకు ముదిరే ఉంటాయి, కానీ చుక్కల దుప్పికి కచ్చితమైన నెల లేదు. ఎదురుగా ఉన్న కొమ్ము మీద బురద పేరుకొని ఉంది, కంటికి ఏమీ తెలియడంలేదు.

రూలు ఇంకోటుంది. రక్షిత జంతువు కొమ్ము కోయాలంటే ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి లిఖితపూర్వక అనుమతి కావాలి. ఆ కాగితం రావడానికి పట్టే కాలం నాకు తెలుసు. నీళ్ళు అప్పటికే వల కర్రల మొదళ్ళను తడుపుతున్నాయి.

కొమ్ముకు చుట్టుకున్న పాయలన్నీ ఒక్కొక్కటిగా కత్తితో కోసేంత వ్యవధి లేదు, వల ఉండతోనే వదిలేస్తే మడ వేర్లకు మళ్ళీ చిక్కుకుంటుంది. పడవ మరమ్మతుకు మునెయ్య దగ్గర చిన్న రంపం ఉంది. దిగాను. మోకాళ్ళు దాటి బురద పట్టేసింది, మడ వేరు ఒకటి అరికాల్లో దిగింది. దుప్పి నన్ను చూసింది. దాని కంటిలోని తెల్లగుడ్డు అంతా కనిపిస్తోంది. ఎర్రచందనం దుంగల వెనక కత్తులు పట్టుకొని నిలబడ్డ మనుషులను నేను చూశాను. అప్పుడు కూడా నాకు ఇంత భయం వేయలేదు. ఈ జంతువును నేను చంపబోతున్నానన్న ఆలోచన తప్ప ఇంకేదీ బుర్రలోకి రావడంలేదు.

చెంచమ్మ తన భుజం మీది తుండును తడిపి దాని కళ్ళ మీద వేసింది. రెండు చేతులతో తలను ఇటూ అటూ కదలకుండా పట్టుకుంది. పట్టుకున్న చోట బలం వాడినట్టే లేదు. దుప్పి ఒక్కసారి వణికి ఆగింది. ఆమె నా వైపు చూడకుండా, గొంతు బాగా తగ్గించి అంది.

“నీ భయం దానికి తెలస్తా ఉండాది సారూ. ముందు నువ్వు ఊపిరి ఇడువు.”

విడిచాను. అంతసేపూ బిగబట్టానని విడిచాకే తెలిసింది. కొమ్ము మీది బురద గోటితో గీకి అరచేయి పెట్టాను. నూగుంటే వెచ్చగా తగలాలి. చల్లగా, రాయిలాగా తగిలింది. రంపం పెట్టాను, కొమ్ము మొదట్లో ఉండే గరుకు వలయానికి రెండు వేళ్ళ పైన.

అబ్బాజాన్ చిన్నప్పుడు నేర్పిన పద్ధతి నా చేతికి అప్పుడు గుర్తొచ్చింది. రంపాన్ని తొయ్యకూడదు, లాగాలి. కోత మీద తడి ఆరనివ్వకూడదు. మునెయ్య చిప్పతో నీళ్ళు పోస్తుంటే నేను లాగాను. ఎముక పొడి తెల్లగా నీళ్ళలో పడుతోంది. నీళ్ళు దుప్పి గడ్డాన్ని తాకాయి. అది ముక్కు పైకెత్తబోయి ఎత్తలేక బుడగలు వదిలింది. చెంచమ్మ తన మోకాలు దాని దవడ కింద పెట్టి తలను ఎత్తి ఉంచింది. ఎంతసేపు కోశానో చెప్పలేను. కొమ్ము తెగి వల ఉండతో సహా నా ఒళ్ళో పడింది. దవడ కింది పాయను మునెయ్య తన వల కత్తితో తనే కోశాడు. ఆమె తుండు లాగేసింది.

దుప్పి లేవబోయి పక్కకు పడింది. మళ్ళీ లేచింది. ఒక వైపే కొమ్ముండటంతో తల ఒరిగిపోతోంది. మడలోకి వెళ్ళింది.  అది నడిచి వెళ్ళింది కదా అని నేను ఈసారి హమ్మయ్య అనుకోలేదు. పిల్ల కూడా అలాగే నడిచి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే చెంచమ్మను అడిగాను, నీళ్ళకు ఏం చేయాలని. వారం ముందు అడగాల్సిన మాట. నా లోతు గుంతను ఇసుకతో పూడ్పించింది. దిబ్బకు అవతలి కొసన, నేను ముట్టుకోని చోట, మోచేతి లోతు చెలమలు మూడు తీయించింది. అవి ఊరేదాకా పాత చోటునే చెలమ ఆకారంలో గుంత చేసి, లోపల బంకమట్టి మెత్తి, డ్రమ్ముల నీళ్ళు అందులో పోయించింది. తొట్లు తీసేయించింది. ఆ సాయంత్రం పడవలోంచి బైనాక్యులర్‌తో చూశాను. దుప్పులు ఒకటొకటిగా వచ్చి తాగాయి. తొమ్మిది లెక్కపెట్టాను. ఒంటి కొమ్ముది రాలేదు.

మరుసటి రోజూ రాలేదు. పద్నాలుగు రోజులు రోజూ వెళ్ళాను. మడ మీద గద్ద తిరిగితే కిందేముందోనని వెళ్ళి చూసేవాణ్ణి. ఏ కంపు వచ్చినా ఆగి వెతికేవాణ్ణి. శవం దొరకలేదు, దుప్పీ కనిపించలేదు.

ఈలోగా కాగితాల పని వచ్చింది. కోసిన కొమ్ము ప్రభుత్వ ఆస్తి. కొలిచి, తూచి, ఇద్దరు సాక్షుల ముందు పంచనామా రాసి రేంజి ఆఫీసుకు అప్పజెప్పాలి. పంచనామాలో ఒక గడి ఉంటుంది, జంతువు తన ఆవాసం వదిలి ఎందుకు వచ్చిందని. రేంజరు చెడ్డవాడు కాదు. వల ఎవరిదో రాస్తే సరిపోతుందన్నాడు. వల యజమాని మీద కేసు కట్టొచ్చు, నాకు రిటైరుమెంటు ముందు తలనొప్పి ఉండదు. అబద్ధం చెప్పను, ఒక పూటంతా ఆ దారి గురించి ఆలోచించాను. వన్యప్రాణి కేసంటే మునెయ్యకు జైలు. అతను అక్కడ వల వేయడం కొత్త కాదు, దుప్పి అటు రావడమే కొత్త. అది ఎందుకు వచ్చిందో పల్లెలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ గడిలో రాశాను: సెక్షన్ అధికారి స్థానికుల మాట వినకుండా చెలమను నిలువు లోతు తవ్వించినందున మంచినీరు ఉప్పుగా మారి, దాహంతో వచ్చింది.

మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చాను. అనుమతి లేకుండా కొమ్ము కోసినందుకూ గుంతకూ కలిపి మందలింపు వేసి, నన్ను గూడూరులో ఆఫీసు పనికి మార్చారు. మునెయ్య మీద కేసు లేదు. దుప్పి సంగతి తేలకుండానే వెళ్ళాల్సి వచ్చింది. గూడూరు ఆఫీసులో కుర్చీలో కూర్చున్నా, ఫోను మోగితే అదేనేమోనని ఉలిక్కిపడేవాణ్ణి.

అక్టోబరు చివర, వానలు మొదలయ్యాక, ఒక రోజు మునెయ్య, చెంచమ్మ బస్సు దిగి ఆఫీసుకు వచ్చారు. ఆమె తుండులో ఏదో చుట్టి తెచ్చింది. విప్పి నా బల్ల మీద పెట్టింది. కొమ్ము మొదలు ముక్క, రెండు వేళ్ళంత. నాకు మొదట కలిగింది భయమే. అలాంటి ముక్క చేతిలో ఉంటేనే కేసు, బస్సులో ఎవరైనా చూస్తే ఏమయ్యేదని కసిరాను. ఆమె పట్టించుకోలేదు.

“మేం దాన్ని చూళ్ళేదు సారూ. చెలమ కాడ ఇది పడుండాది. నువ్వు కోసిందే గదా, చూసుకో.”

తిప్పి చూశాను. ఒక కొసన నా రంపం గీతలు చదునుగా ఉన్నాయి. రెండో కొసన గరుకు వలయం, దాని అడుగున కాస్త ఉబ్బెత్తుగా ముగిసిన ఎముక. చచ్చిన దుప్పి నుంచి కొమ్ము తీయాలంటే పుర్రెతో సహా నరకాలి. అలా వలయం దగ్గర తనంతట తాను విడిపోవాలంటే దుప్పి బతికి ఉండాలి. మే, జూను, జూలై, అన్ని నెలలూ బతికి, నీళ్ళు తాగి, కాలం వచ్చినప్పుడు నా కోతను తనే రాల్చేసుకుంది. ఉద్యోగంలో ఆఫీసు బల్ల దగ్గర కళ్ళు తుడుచుకోవడం నాకు అదొక్కసారే.

ఆ ముక్కను కూడా తూచి రిజిస్టరులో రాశాను, స్వచ్ఛందంగా అప్పజెప్పినట్టు వాళ్ళిద్దరి పేర్లు వేశాను. రూలు ప్రకారం తరువాత దాన్ని మిగతా కొమ్ములతో పాటు తగలబెట్టి ఉంటారు.

ఇప్పుడు ఆ సెక్షను ఫైలులో, వేసవి పనుల కింద, నా మెమో పుణ్యమా అని ఒక వాక్యం ఉంది: చెలమను మోచేతికి మించి తవ్వరాదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు నన్ను సలహా అడిగితే దీన్నే చెబుతాను. ఒక చోట నేర్చిన పని ఇంకో చోట చంపగలదు. పోస్టింగు ఎక్కడైనా సరే, గడ్డపార దించే ముందు ఆ నీళ్ళు తాగేవాళ్ళను అడగాలి. అడగడానికి నాకు పట్టేది ఒక నిమిషం. అడగనందుకు ఒక పిల్ల చచ్చిపోయింది, దాని ఖాతా నా పేరు మీదే ఉంది.